పువ్వు విప్పని సాలు

వాసన చూసిన పువ్వులో ఏం తగ్గుతుంది?

ఈ అనుమానం నాకు ఏడేళ్ల వయసులో పట్టుకుంది. యాభై మూడేళ్లు వచ్చినా వదల్లేదు. మా నాయనమ్మ దేవుడి కోసం కోసిపెట్టిన సన్నజాజుల సజ్జలో ఒకరోజు నేను ముక్కు పెట్టాను. ఆవిడ చూసి సజ్జ మొత్తం తీసుకెళ్లి గేదె ముందు పోసేసింది. "నువ్వు వాసన చూసేశాక ఇంకాయనకేం మిగులుద్దే? ఎంగిలి పెడతామా దేవుడికి?" అంది. గేదె ఆనందంగా తింది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే ఆలోచించాను. పండు కొరికితే తరుగుతుంది. పాలు తాగితే గిన్నెలో మట్టం దిగుతుంది. మరి నేను వాసన చూశాక కూడా ఆ సజ్జ అలాగే గుమగుమలాడిందే!

పెళ్లయిన కొత్తలో మా పురోహితుల వారిని అడిగాను. "ఆచారం తల్లీ. కాఫీలో కాస్త పంచదార వెయ్యి" అన్నారు. మళ్లీ ఎవరినీ అడగలేదు. ఆచారం మాత్రం తప్పలేదు. పువ్వులు కోసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి కోయడం నాకు అలవాటైపోయింది.

అలాంటి నన్ను పిలిచి పిలిచి ముక్కు పనిలో పెట్టారు.

మాది గొల్లమెట్ట. గోదావరి దగ్గరే అంటారు గాని కాలువ నీళ్లు ఎక్కని మెట్ట ప్రాంతం. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో కూరగాయల పరిశోధన కేంద్రం ఉంది. మా వారు రాఘవులు గారు అక్కడ పద్దెనిమిదేళ్లుగా మొక్కలకి మందు కొట్టే పని చేస్తున్నారు. నేను పదో తరగతి వరకు చదివాను. పెళ్లయి ఆడపిల్లని కని పెంచి అత్తారింటికి పంపాక, కేంద్రంలో విత్తనాలు ఏరే పనికి వెళ్లేదాన్ని. ఒకరోజు మూత బిగించిన డ్రమ్ము పక్కనుంచి నడుస్తూ "ఇందులో విత్తనం బూజు పట్టింది" అన్నాను. మూత తీసి చూస్తే నిజమే. అప్పుడు అక్కడున్న డాక్టర్ కెజియా గారు నా వంక ఎలా చూశారంటే, పోయిన నగ దొరికినట్టు చూశారు.

ఆ ఏడు మా మెట్ట మొత్తం బెండ తోటలకి మసి తెగులు. ఆకు అడుగున దీపం మసి అంటినట్టు నల్లమచ్చ వస్తుంది. పది రోజుల్లో ఆకులు చుట్టుకుని రాలిపోతాయి. ఒక్కో పంటకి పన్నెండు సార్లు మందు కొట్టినా ఆగడం లేదు.

"మచ్చ కనపడిందంటే దొంగ అన్నం తిని చెయ్యి కూడా కడుక్కున్నట్టే పిన్నిగారూ" అన్నారు కెజియా గారు. నన్ను పిన్నిగారూ అనే పిలిచేవారు. "బూజు లోపలికి దూరిన నాలుగు రోజులకి గాని మచ్చ రాదు. అప్పుడు మందు కొట్టి ఏం లాభం? దూరిన రోజునే కొడితే ఒక్క సారి చాలు. ఆ రోజు ఏదో తెలియాలంతే."

"ఎలా తెలుస్తుందమ్మా?"

"వాసన వస్తుంది. మన ముక్కుకి అందనంత సన్నగా. యంత్రాలు పెట్టి చూశాం. అరవై నాలుగు రకాల బెండ ఆకుల ఘాటులో ఆ ఒక్క వాసన ఎక్కడుందో అవి తేల్చుకోలేకపోయాయి. మనిషి ముక్కే కావాలి. కాకపోతే ఇంకా పెద్ద ముక్కు."

ఆవిడా, ఆవిడతో పనిచేసే వాళ్లూ అయిదేళ్లు కష్టపడి చేసినది బొటనవేలంత సీసా. అందులో నీళ్లలాంటి మందు. రోజుకి రెండు చుక్కలు ముక్కులో వేసుకుంటే లోపల వాసన పట్టే కణాలు వర్షానికి మొలకలు లేచినట్టు లేస్తాయట. వేసుకున్నన్నాళ్లు ఉంటాయి. మానేస్తే పోతాయి.

"పోతూ పోతూ పాతవాటిని కూడా వెంట తీసుకుపోతాయా?" అని అడిగాను.

కెజియా గారు ఒప్పుకోలు కాగితం నా చేతిలో పెట్టారు. "దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాగితంలో కూడా అదే రాశాం. రెండుసార్లు చదువుకుని, ఇంట్లో అడిగి, అప్పుడే సంతకం పెట్టండి."

మూడుసార్లు చదివాను. ఇంట్లో అడిగాను. "మన ఊరి తోటలు బతుకుతాయంటే పెట్టవే" అన్నారు మా వారు. పెట్టాను. నాతోపాటు ఇంకో ఇద్దరు పెట్టారు. ఒకాయన రెండో వారానికి అన్నం తినలేక మానేశాడు. ఇంకొకావిడ బస్సు ఎక్కలేక మానేసింది. నేనొక్కదాన్నే మిగిలాను.

తొమ్మిదో రోజు పొద్దున జరిగింది చెప్పాలి.

తలుపు తీసేసరికి లోకం మీద పడింది! గోడకి కొట్టిన సున్నం ఒక వాసన, దాని కింద పదేళ్ల నాటి పాత సున్నం ఇంకో వాసన. వీధిలో ఎవరో నడిచిపోయి అరగంటయినా వాళ్లు నడిచిన దారి గాలిలో ఉంది. పాలబ్బాయి సైకిలు మలుపు తిరగకముందే ఇవాళ నీళ్లు కలిపాడని తెలిసిపోయింది. అడిగితే నిజమేనని ఒప్పుకుని, అమ్మవారు పూనిందేమోనని నాకు దణ్ణం పెట్టాడు.

కేంద్రంలో అరవై నాలుగు సాళ్లు. సాలుకి ఒక రకం. ముళ్ల కాయవి, నున్నవి, ఎర్రకాడవి, పొట్టివి, కొండల్లో గిరిజనులు దాచుకున్నవి, ఎడారి ఊళ్ల నుంచి తెప్పించినవి. ప్రతి మంగళవారం, శుక్రవారం పొద్దున్నే నేను సాలు సాలుకి వంగి వాసన చూసి పుస్తకంలో "ఉంది" లేదా "లేదు" అని రాయాలి. "ఉంది" అని రాసిన సాలుకి మాత్రం మా వారు ఆ రోజే మందు కొడతారు. "లేదు" అన్నదాన్ని ముట్టుకోకూడదు.

పన్నెండో సాలు దగ్గర ఆగిపోయాను. ఆకులు పచ్చగా నిగనిగలాడుతున్నాయి. కాని అడుగున, ఎక్కడో లోపల, తడిసిన గోనెసంచిలో పాత బెల్లం పెట్టి మర్చిపోయినట్టు ఒక వాసన.

"ఇదేనమ్మా! ఇదే!" అని అరిచాను.

కెజియా గారు పరిగెత్తుకొచ్చారు. భూతద్దం పెట్టి చూశారు. ఏమీ లేదు. నమ్మకం కుదరక ఆ సాలులో నాలుగు మొక్కలకి గుడ్డ కప్పి, మిగతావాటికి మందు కొట్టించారు. నాలుగో రోజు గుడ్డ తీస్తే ఆ నాలుగింటికీ ఆకుల అడుగున మసి! కొట్టినవాటికి ఒక్క చుక్క లేదు. పెద్ద చదువు చదువుకున్న మనిషి చెప్పులు విడిచి గట్టు మీద గెంతారు. "పిన్నిగారూ! ఒక్క సారి! పన్నెండు సార్లు కాదు, ఒక్క సారి!" అంటూ నన్ను కావిలించుకున్నారు. ఆవిడ పొద్దున తిన్న ఉప్మాలో కరివేపాకు ఏ చెట్టుదో కూడా చెప్పగలిగేదాన్ని. అంత సంతోషంలో ఉన్నాం ఇద్దరం.

ఇంటి దగ్గర మాత్రం కథ వేరే.

హారతి వెలిగిస్తే కర్పూరం కళ్లలో కారం కొట్టినట్టయ్యేది. అగరొత్తి వెలిగిస్తే తల తిరిగేది. పోపు పెట్టలేకపోయాను. మా వారు స్నానం చేసి వచ్చినా ఆయన ఒంట్లో పద్దెనిమిదేళ్ల మందు. చర్మం కింద, గోళ్ల కింద, వెంట్రుకల మొదళ్లలో. ఇన్నాళ్లూ ఈ మనిషి ఇంత విషం మోసుకుని ఇంటికొచ్చాడా అనుకునేదాన్ని. మంచం వరండాలో వేసుకున్నాను.

"ఏంటే తాయారూ, ముప్పై ఏళ్లకి విడాకులా?" అన్నారాయన.

"ముక్కుకి మాత్రమేనండీ. మనిషికి కాదు."

పాపం, ఎన్నడూ దీపం వత్తి ముట్టుకోని మనిషి పూజ మొదలెట్టారు. నేను గుమ్మం బయట నిలబడి చెబుతుంటే లోపల ఆయన చేసేవారు. "కుంకుమ కుడిచేత్తోనండీ." "తెలుసులేవే." "అది కుడి చెయ్యి కాదండీ." అలా సాగేది.

అన్నిటికన్నా కష్టం పువ్వులది. ఊపిరి ఎంత బిగబట్టినా ఎంతసేపు? పది గజాల దూరం నుంచే మల్లెమొగ్గ నా ముక్కులో విచ్చుకునేది. బంతి, చామంతి, మందారం, ఏదీ ఎంగిలి కాకుండా మిగల్లేదు. అమ్మవారికి పువ్వు లేని పూజ చేయించడం మొదలైంది. మా పెరటిని చూస్తే ఏడుపొచ్చేది.

అప్పుడు చూశాను, ఆలస్యంగా మొలిచి అప్పుడే పూత పట్టిన ముప్పై ఒకటో సాలుని. కొండల్లోంచి వచ్చిన రకం. నిలువెత్తు మొక్క, అరచేతంత పసుపు పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు బొట్టు. బెండ పువ్వుకి వాసన లేనట్టే. పొద్దున విచ్చి మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఈ పువ్వొక్కటి నేను ఊపిరి బిగబట్టి కోయగలను! మంగళవారం రెండు, శుక్రవారం రెండు. కాయ కట్టే పువ్వు కోయడం తప్పని తెలుసు. మనసులో అమ్మవారికి, కెజియా గారికి ఇద్దరికీ క్షమాపణ చెప్పుకున్నాను.

ముప్పయ్యో సాలు చివర నిండా గాలి పీల్చుకుని, ముప్పై ఒకటి దగ్గర ఊపిరి ఆపి, రెండు పువ్వులు కొంగులో వేసుకుని, ముప్పై రెండు దగ్గర వదిలేదాన్ని. పుస్తకంలో ముప్పై ఒకటికి ఎదురుగా "లేదు" అని రాసేదాన్ని. వాసన చూడలేదు కదా, లేదనే కదా రాయాలి? అప్పుడు నాకు అది అబద్ధమని తట్టలేదు. తట్టలేదని ఇప్పుడు అంటున్నాను. తట్టనివ్వలేదేమో.

ఒక శుక్రవారం వెళ్లేసరికి ఆ సాలులో ఒక్క పువ్వూ విచ్చలేదు. ముప్పై, ముప్పై రెండు నిండా పువ్వులే. ముప్పై ఒకటిలో మొగ్గలన్నీ ముడుచుకుని ఉన్నాయి. అమ్మవారికి కోపం వచ్చిందనుకున్నాను. వట్టి చేతులతో ఇంటికెళ్లి, చెంపలు వేసుకున్నాను. మళ్లీ మంగళవారానికి పువ్వులు విచ్చాయి. కోపం తగ్గిందనుకున్నాను. నెల తర్వాత మరో మంగళవారం అలాగే అయింది, మళ్లీ శుక్రవారానికి సర్దుకుంది. ఆ రెండుసార్లూ నేను ఉపవాసం ఉన్నాను.

పంట అయిపోయింది. లెక్కలు తీశారు. అరవై మూడు సాళ్లలో ఏదో ఒక వారం నేను "ఉంది" అని రాశాను. ముప్పై ఒకటికి ఒక్కసారీ రాయలేదు. చుక్క మందు పడలేదు. మచ్చ కూడా రాలేదు.

"తెగులు అంటని బెండ!" కెజియా గారు పుస్తకం నా ముందు పెట్టారు. "ఎక్కడో కొండ మీద ముసలమ్మ కుండలో దాచుకున్న విత్తనం. మందే అక్కర్లేదు పిన్నిగారూ!" పై అధికారులకి రాసేశారు. విత్తనం పొట్లాలు కట్టించారు. మా మెట్టలో నలభై మంది రైతులకి ముందుగా ఇవ్వాలని పేర్లు రాశారు.

అందులో మొదటి పేరు బుల్లెమ్మ వదినది.

బుల్లెమ్మ మాకు వరసకి వదిన. మా వీధి చివర ఇల్లు. అన్నయ్య పోయినప్పటి నుంచి ఎకరం బెండ ఒక్కతే వేస్తుంది, మందు కూడా ఒక్కతే కొట్టుకుంటుంది. కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతూనే ఉంటాయి. ఇంకొక్క పంటకి మందు కొడితే చూపు పోతుందని ఆసుపత్రిలో తేల్చి చెప్పేశారు. పొట్లం గుండెలకి అదుముకుని మా ఇంటికొచ్చింది.

"తాయారూ! పామాయిల్ వాళ్లకి పొలం ఇచ్చేద్దామనుకున్నానే. రేప్పొద్దున ఇత్తనం పెట్టేత్తన్నాను. మందు పంపు అమ్మేశాను కూడా. నీ ముక్కు చల్లగుండ!"

ఆ పొట్లం వంకే చూశాను. ఆ పొట్లంలో ఉన్నది తెగులు అంటని విత్తనమని ఎవరు చెప్పారు? నేను చెప్పాను. నేను ఎలా చెప్పాను? ఊపిరి బిగబట్టి చెప్పాను.

"వదినా, ఇత్తనం రేపు పెట్టకు" అన్నాను.

"అదేంటే?"

"ఒక్క రోజు ఆగు. నా మీద ఒట్టు."

చెప్పులు వేసుకోకుండానే కేంద్రానికి బయలుదేరాను. ఎదురుగా మా వారు సైకిలు మీద వస్తూ నన్ను చూసి కంగారుపడి వెనక్కి తిప్పారు. కెజియా గారు గదిలో కాదు, తోటలో ఉన్నారు. ఎండిన ముప్పై ఒకటో సాలు ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు.

అంతా చెప్పేశాను. నాయనమ్మ దగ్గర మొదలుపెట్టి, కొంగులో పువ్వుల దాకా. ఆవిడ మొహంలో రంగు మెల్లగా దిగిపోవడం చూశాను.

"ఒక్కసారి కూడా వాసన చూడలేదా?"

"లేదమ్మా."

"మా చర్చిలో పువ్వులు అందరూ వాసన చూస్తారు పిన్నిగారూ. దేవుడు ఏమీ అనలేదు ఇంతవరకు." కోపంతో అన్నారో బాధతో అన్నారో తెలియలేదు. "నేను పైకి రాసేశాను. నలభై పొట్లాలు వెళ్లిపోయాయి." ఒక్క క్షణం ఆగి, నుదురు ముడిచారు. "అయినా ఒక్కటి అర్థం కావడం లేదు. మీరు చూడకపోతే పోనీ. తెగులు ఉంటే మచ్చ రావాలి కదా? ఈ సాలుకి మందే పడలేదు. మరి మచ్చ ఎందుకు రాలేదు?"

వెనక మా వారు దగ్గారు. ఆయన దగ్గు నాకు తెలుసు. అది గొంతులోంచి వచ్చే దగ్గు కాదు.

"అంటే... మరండీ... పడిందండీ" అన్నారు.

ఇద్దరం తిరిగి చూశాం.

"రెండుసార్లు కొట్టేనండీ, దీనికి. పుస్తకంలో లేదని రాసుంది, ముట్టుకోకూడదని తెలుసండీ. కాని ఈవిడ పూజకి పువ్వులు ఇక్కడే కోస్తందని చూశానండీ నేను. ఒకరోజు పొద్దున్నే వచ్చి చూద్దును గదా, ఒక్క పువ్వూ విచ్చలేదు. మొక్కకేదో రోగం అంటిందనుకున్నాను. ఈ సాలు పోతే ఈవిడికి పూజకి పువ్వుండదు, ఏడుస్తాదని..." తల గోక్కున్నారు. "ఆ యేళే ఒక పంపు కొట్టేశానండీ. తెల్లారి విచ్చుకున్నాయి. ఇంకోసారీ అలాగే."

"మీకు తెలుసా నేను కోస్తున్నట్టు?" అన్నాను.

"నీకు తెలుసా నేను కొట్టినట్టు?" అన్నారు.

కెజియా గారు మా ఇద్దరినీ చూడటం లేదు. ఆవిడ చూపు ఎటో నిలిచిపోయింది.

"ఆగండి. రాఘవులు గారూ, మళ్లీ చెప్పండి. పువ్వు విచ్చలేదు. మచ్చ ఉందా అప్పటికి?"

"మచ్చేం లేదండీ. ఆకు పచ్చగా ఉంది."

"మచ్చ లేదు. పువ్వు విచ్చలేదు. అదే రోజు మీరు మందు కొట్టారు. తర్వాత మచ్చ రాలేదు." ఒక్కొక్క మాటా మెట్టు ఎక్కుతున్నట్టు పలికారు. "ఏ రోజు? ఏ రోజులవి?"

రోజులు నాకు తెలుసు. ఉపవాసాలు ఉన్నాను కదా! చెప్పాను. ఆవిడ అక్కడే గట్టు మీద కూర్చుని పుస్తకం తిరగేశారు. మొదటిసారి మొగ్గలు ముడుచుకున్న శుక్రవారం నాడు మిగతా సాళ్లన్నిటికీ "లేదు". ఆ మంగళవారం మూడు సాళ్లకి "ఉంది". ఆ తర్వాత వారం పదకొండింటికి. రెండోసారీ అంతే. ముప్పై ఒకటి ముడుచుకున్న నాలుగో రోజు నుంచి మిగతా తోట అంటుకోవడం మొదలైంది.

"ఇది తెగులు అంటని బెండ కాదు" అన్నారు కెజియా గారు. గొంతు పెరిగింది. "అరవై నాలుగింటిలో అన్నిటికన్నా ముందు అంటేది ఇదే! అంటిన పొద్దుటే పువ్వు విప్పడం మానేస్తుంది. అందరికీ కనిపించేలా! పిన్నిగారూ, మీ ఆయన ముక్కు లేకుండా పట్టేశారు! ఏ చుక్కా వేసుకోకుండా, వట్టి కళ్లతో పట్టేశారు!"

"నాకు ముక్కు లేకపోవడమేంటండీ" అన్నారు మా వారు నొచ్చుకుంటూ.

నవ్వామో ఏడ్చామో తెలియదు. ఆ వెంటనే పొట్లాల సంగతి గుర్తొచ్చి ముగ్గురం పరిగెత్తాం. మా వారు సైకిలు మీద, నేను కెజియా గారి స్కూటరు వెనక. నలభై ఇళ్లు. "విత్తకండి, విత్తకండి" అని అరుచుకుంటూ. చీకటి పడకముందే ముప్పై తొమ్మిది పొట్లాలు చేతికొచ్చాయి. నలభయ్యోది బుల్లెమ్మ వదిన దగ్గర ఉంది. నేను ఒట్టు పెట్టాను కనుక తను దాని ముడి విప్పలేదు.

పైవాళ్లు కెజియా గారిని గట్టిగానే మందలించారు. రాసింది వెనక్కి తీసుకుంటూ ఇంకో ఉత్తరం రాయాల్సి వచ్చింది. నా తప్పూ మా వారి తప్పూ రెండూ ఉన్నవి ఉన్నట్టు రాసి, కింద తన పేరు పెట్టుకున్నారావిడ. "పర్యవేక్షణ నాది పిన్నిగారూ" అన్నారు. ఆవిడ కోసం ఆ శుక్రవారం మా వారి చేత విడిగా అర్చన చేయించాను. ఆవిడకి చెబితే నవ్వి, "చేయించండి, నేను కూడా మీ కోసం ఆదివారం మోకరిస్తాను" అన్నారు.

తర్వాత నలభై రోజులు మూసిన పాకలో కొత్తగా పెంచారు ముప్పై ఒకటిని. పూతకొచ్చాక, సాయంత్రం బూజు నీళ్లు చల్లడం, పొద్దున్నే వెళ్లి చూడటం. మొదటి రోజు తెల్లవారకముందే ముగ్గురం పాక తలుపు దగ్గర నిలబడ్డాం. వెలుగు వచ్చింది. పక్క వరసల్లో పసుపు పువ్వులు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. బూజు చల్లిన ముప్పై ఒకటి వంక చూడటానికి నాకు భయం. నేను మొదటిసారిగా వంగి, దానికి ముక్కు ఆనించి, ఊపిరి నిండా పీల్చాను. తడి గోనెసంచి, పాత బెల్లం. తలెత్తి చూస్తే మొగ్గలన్నీ గుప్పిట బిగించినట్టు ఉన్నాయి! బూజు నీళ్లు పడని మొక్కలు పక్కనే హాయిగా విచ్చుకున్నాయి. ఇరవై సార్లు చేశారు. ఇరవై సార్లూ అంతే.

ఇంక నా ముక్కుతో పని లేదు. ఎవరి ముక్కుతోనూ లేదు. పొలంలో రకరకాల బెండ కలిపి వేసుకుని, పదిహేను సాళ్లకి ఒక సాలు ముప్పై ఒకటి పెట్టుకుంటే చాలు. అది పువ్వు విప్పని పొద్దున ఒక్కసారి మందు కొట్టాలి. పంట మొత్తానికి రెండు మూడు సార్లు. మిగిలిన రోజుల్లో పంపు గోడకి తగిలించుకోవచ్చు.

నేను చుక్కలు మానేశాను. నేను అడిగినదే జరిగింది. కొత్తవి పోతూ పాతవాటినీ కొంత పట్టుకుపోయాయి. కర్పూరం ఇప్పుడు బాధ పెట్టదు, కాని కర్పూరమని తెలియదు కూడా. మల్లెలు మొహానికి ఆనించుకున్నా తెల్లగా, చల్లగా ఉంటాయంతే. కెజియా గారు ప్రతి నెలా వచ్చి పరీక్ష చేస్తారు. ఈ నెల కాస్త ఇంగువ తెలిసింది. ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. మంచం మళ్లీ లోపలికి వచ్చింది. పూజ మాత్రం మా వారు నాకు తిరిగి ఇవ్వనంటున్నారు. "నాకు అలవాటైపోయింది, నువ్వు బయట నిలబడి తప్పులు చెప్పు" అంటారు. నా అనుమానం తీరలేదు. తీరకపోయినా ఫరవాలేదనిపిస్తోంది.

బుల్లెమ్మ వదిన పొలంలో పంట కాపుకొచ్చింది. అందులో పెట్టుకున్న ముప్పై ఒకటి రెండుసార్లు పువ్వు విప్పలేదు. రెండుసార్లూ మా వారే వెళ్లి మందు కొట్టి వచ్చారు, వదినని గట్టు దాటనివ్వలేదు. ఒక్క ఆకు మసి బారలేదు. మొదటి కోత ఆదివారం.

ఆ పొద్దున నేను చీర మీద పాత చొక్కా తొడుక్కుని, చేతులకి గుడ్డ పీలికలు చుట్టుకుని పొలంలో దిగాను.

"నువ్వెందుకొచ్చేవే? కూలోళ్లున్నారుగా" అంది వదిన.

"కూలికి రాలేదు. బదులు తీర్చడానికి వచ్చాను."

"ఏం బదులు?"

"ఇరవై రెండేళ్లయింది వదినా. పిల్లకి జ్వరమొచ్చి నేను ఆసుపత్రిలో ఉంటే, మా బెండ ముదిరిపోతందని నువ్వొక్కదానివే రోజంతా కోశావు. నీ కోతకి నేనో రోజు రావాలి గదా. ఆ వారమే తుఫానొచ్చి నీ తోట పోయింది. తర్వాత మేం పొలం వదిలేశాం. అలా ఉండిపోయింది."

వదిన ఎర్రకళ్లతో నన్ను చూసింది. ఆ కళ్లు ఈ మధ్య కాస్త తేరుకున్నాయి. "నేను మర్చేపోయాను" అంది. మర్చిపోలేదని ఆ గొంతే చెప్పింది.

మా ఊళ్లో బదులు అంటే మనిషికి మనిషి, రోజుకి రోజు. పొద్దు పొడవగానే మొదలుపెట్టాను. బెండ నూగు పీలికల్లోంచి కూడా గుచ్చుకుంటుంది. మోచేతుల దాకా దురద. నడుం పట్టేసింది. మధ్యలో వదిన చద్దన్నం తెచ్చి "చాల్లేవే, సగం రోజు సరిపోద్ది" అంది. నేను ఒప్పుకోలేదు. అప్పట్లో తను కోసింది రోజంతా.

పొద్దు వాలేసరికి చివరి సాలు అయింది. కాయలన్నీ గోనె మీద పోశాను. వదిన వంగి రెండు కాయలు ఏరి తుంచి చూసింది.

"ముదురు కోశావే! ఇదీ ఒక బదులేనా?"

"ఎన్ని ముదురు?"

"రెండు."

"నువ్వు ఆ రోజు అయిదు కోశావు. ఇంటికొచ్చాక నేను లెక్కపెట్టాను."

వదిన కాసేపు నవ్వాపుకుంది. తర్వాత ఆపుకోలేక, ఆ రెండు ముదురుకాయలూ నా కొంగులో పడేసి, నా చేతుల పీలికలు తనే విప్పుతూ అంది:

"సరేలే. చెల్లు."